మూడడుగులు వెనక్కి

మా ఆఫీసులో కంప్యూటరు తెర ముందు కూర్చున్నవాళ్ళు ఉన్నట్టుండి లేచి, చూపు తిప్పకుండా మూడడుగులు వెనక్కి నడుస్తారు. ఒక కన్ను మూసి చూస్తారు. కొత్తగా చేరినవాళ్ళు తెరలో పామేమైనా కనబడిందా అని కంగారుపడతారు. నెల తిరిగేసరికి వాళ్ళూ నడుస్తారు. మొయినాబాద్‌లో ఎరువుల దుకాణం మీద ఉన్న గది మాది. చాలా చిన్నది. మూడో అడుగు గడప మీదే పడుతుంది కాబట్టి తలుపు ఎప్పుడూ తీసే ఉంచుతాం. ఎండాకాలం వడగాలి కొట్టినా, కింద నుంచి పురుగుమందుల వాసన వచ్చినా తీసే ఉంచుతాం.

ఈ నడక నేర్పిన మనిషి పోయి రెండు నెలలవుతోంది. ఊపిరితిత్తుల జబ్బు. పదకొండు రోజులు దవాఖానలో ఉండి, పన్నెండో రోజు పొద్దున పోయాడు. తలుపు మూయమని ఇంతవరకు ఎవరూ అనలేదు. అంటే నేను ఊరుకోను కూడా.

ఆయన జీవితచరిత్ర రాయమంటే నాకు చేతకాదు. తెలిసింది తక్కువ. చేవెళ్లలో ఒకప్పుడు దుకాణాల బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి కుంచె పనిని ఊడ్చిపెట్టుకుపోయాయి. ఫ్లెక్సీల దుకాణంలోనే కంప్యూటరు నేర్చుకుని, అక్కడి నుంచి వెబ్ పేజీలకు వచ్చాడు. నేను శంకర్‌పల్లి నుంచి రెండు ఆటోలు మారి మొదటిరోజు ఆ మెట్లెక్కేసరికి ఆయన గడప మీద నిలబడి, ఒక కన్ను మూసి, గదిలోని తెర వైపు చూస్తున్నాడు. నేను వెనక నిలబడ్డాను. "జర ఆగు బిడ్డా, బోర్డు చూస్తున్న" అన్నాడు. ఏ బోర్డో నాకు అర్థం కాలేదు. వెబ్ పేజీని ఆయన చివరిదాకా బోర్డు అనే అన్నాడు.

మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. పేజీలు కట్టడానికి ఫ్రేమ్‌వర్క్ అని ఒక పనిముట్టు వాడతాం. అందులో సమాచారం ఒకచోట ఉంటుంది. దాన్ని మనుషులకు చూపించే అచ్చు వేరేచోట ఉంటుంది. ఆ అచ్చును వ్యూ అంటాం. సమాచారం సరిగ్గానే ఉన్నా వ్యూలో ఎక్కడో ఒక పొరపాటు ఉంటే పేజీ రాదు. దాని బదులు ఎర్రగీతతో, ఇంగ్లీషు పేరాలతో ఒక పేజీ లేస్తుంది. చదువుకున్న మేమంతా ఆ పేరాలు చదివి, ఇంకా బెంబేలెత్తేవాళ్ళం. ఆయన దాన్ని ఎర్రబోర్డు అనేవాడు. అందులో రెండే చూసేవాడు. ఏ ఫైలు, ఎన్నో వరుస.

"ఊరి పేరు, ఇంటి నంబరు. పోస్టాయనకు ఇంకేం గావాలె?" అనేవాడు.

ఒకసారి ఆ వరుసలో ఎంత వెతికినా తప్పు కనబడలేదని నేను విసుక్కున్నాను. ఆయన నవ్వాడు. "దొంగ ఆ ఇంట్ల ఎందుకుంటడు? ఆ ఇంట్ల సామాను పోయింది, గంతే. దొంగ ఎటునుంచి వచ్చిండో ఎతుకు." వెతికితే తప్పు రెండు ఫైళ్ళ అవతల దొరికింది.

పేజీ ఎందుకు పగిలిందో ఎంతకీ తెలియకపోతే, "సగం మూసెయ్యి" అనేవాడు. కింది సగాన్ని పక్కన పెట్టి నడిపిస్తే పేజీ నిలబడిందా, లొల్లి కింది సగంలో ఉన్నట్టు. దాంట్లో మళ్ళీ సగం మూయాలి. పొలంలో నీళ్ళ పైపు ఎక్కడ కారుతోందో వెతికేవాళ్ళు వాల్వులు కట్టుకుంటూ పోయినట్టు పోయేవాడు. తొందరపడగా నేనెప్పుడూ చూడలేదు.

ఇంకోటి ఉంది. ఫ్రేమ్‌వర్క్ ఒకసారి తయారుచేసిన పేజీని దాచిపెట్టుకుంటుంది. మనం ఎన్నిసార్లు మార్చినా ఒక్కోసారి ఆ దాచిన పాత పేజీనే చూపిస్తుంది. నేను జుట్టు పీక్కుంటుంటే ఆయన తన కుర్చీలోంచి కదలకుండానే "గీకినవా?" అని అడిగేవాడు. "పాత రంగు గీకకుండ మీదికెళ్ళి కొత్తది కొడితె నిలుస్తదా?" ఇప్పటికీ మా ఆఫీసులో ఎవరి పేజీ మారకపోయినా మొదటి ప్రశ్న అదే. మొన్న ఒకరు అలవాటుగా అడిగేశారు. అందరం ఆయన కుర్చీ వైపు చూశాం.

మా ఇద్దరికీ పోట్లాట ఒక్క విషయంలోనే. ఆయన తెరను వేళ్ళతో కొలిచేవాడు. రెండు వరుసల మధ్య ఎంత జాగా ఉందో వేలు ఆనించి చూసేవాడు. తెర నిండా వేలిముద్రలు. నేను చున్నీతో తుడుస్తూ గొణిగేదాన్ని. ఆయన గొడవంతా వత్తుల గురించి. ఫ్రేమ్‌వర్క్ ఇచ్చే వరుసల ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకు సరిపోతుంది, తెలుగు వత్తులు కిందికి దిగి తెగిపోతాయి. "అక్షరానికి కాళ్ళు నరికి నిలవెడ్తున్నరు. అది ఎట్ల నిల్చుంటది?" అని ఒక్కో వరుసనూ పెంచుకుంటూ పోయేవాడు. ఫోన్లో చూసే రైతుకు ఆ తేడా తెలియదు కదన్నా అంటే, "తెలువది. సదవనీకె తకలీఫ్ అయితది. ఎందుకైతున్నదో తెలువది" అనేవాడు.

చొక్కా జేబులో సుద్దముక్క ఉండేది. వెబ్ పేజీలకు సుద్దముక్క ఎందుకని అడిగితే ఒక కథ చెప్పాడు. చేవెళ్లలో ఇద్దరు అన్నదమ్ములు కిరాణా దుకాణం పెట్టారట. బోర్డు మీద ముందు ఎవరి పేరు ఉండాలో తేలలేదు. పేర్లు వదిలేసి మిగతాది రాసి పొమ్మన్నారు. ఈయన పేర్లుండాల్సిన చోట సుద్దతో రెండు గీతలు గీసి, ఆ జాగాను అలాగే ఉంచి వచ్చాడు. ఆ ఖాళీని చూసి దారినపోయే ప్రతివాడూ ఎవరి పేరని అడగడం మొదలుపెట్టాడు. అన్నదమ్ములు సిగ్గుపడి వారంలో తేల్చుకున్నారు.

"పేరు తెలువకపోతే సుద్దగీత గీసి జాగ వదులు. జాగనే లేకుండ చెయ్యకు" అన్నాడు. నేను నవ్వాను. మంచి కథ అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

ఇక నేను చేసిన పని.

చేవెళ్ల దగ్గర కూరగాయల రైతుల సంఘం ఒకటి ఉంది. టమాట, మిర్చి నారు పెంచి సభ్యులకు ట్రేలలో ఇస్తుంది. ఎవరి వంతు ఏ రోజో చూపించే పేజీ మేమే కట్టాం. రైతు పేరు, పక్కన తండ్రి పేరో భర్త పేరో, ఊరు, తేదీ. నారు పంచడం మొదలైన వారంలో ఒక పొద్దున ఆ పేజీ పగిలింది. నర్సరీ గేటు దగ్గర జనం నిలబడ్డారు. గుమాస్తా ఫోన్ మీద ఫోన్. మేమంతా అన్నా అని పిలిచే ఆయన ఆరోజు ఛాతీ చూపించుకోవడానికి దవాఖానకు పోయాడు. గదిలో నేను ఒక్కదాన్నే.

ఎర్రబోర్డు చూశాను. ఫైలు, వరుస. ఆ వరుసలో భర్త పేరు రాయమని ఉంది. ఎవరో ఒకరికి ఆ పేరు లేదు. లేని పేరును రాయమంటే వ్యూ పగిలింది. దానికి పావుగంట కూడా పట్టలేదు. ఒక్క వాక్యం రాశాను. పేరు లేకపోతే ఆ రైతు వరుసను దాటి ముందుకు పో. పేజీ నిలబడింది. గుమాస్తా ఫోన్లో "సూపర్ మేడమ్" అన్నాడు. నా అంతట నేను బాగుచేసిన మొదటి పేజీ అది. కిందికి పోయి మిర్చి బజ్జీలు తెచ్చుకుని ఒక్కదాన్నే తిన్నాను.

మూడు వారాలకు గుమాస్తా మళ్ళీ ఫోన్ చేశాడు. ఒక ముసలవ్వ వచ్చి తన వంతు అడుగుతోందట. పుస్తకంలో పేరుంది, పేజీలో లేదు. వంతు దాటి నాలుగు రోజులు. ట్రేలు అయిపోయాయి.

అన్న పేజీ తెరిచాడు. లేచి, మూడడుగులు వెనక్కి నడిచి, గడప మీద నిలబడి చూశాడు. మళ్ళీ వచ్చి కూర్చుని వ్యూ తెరిచాడు. నా వాక్యం దగ్గర ఆగాడు.

"ఎవరు రాసిండ్రని అడగను. ఎందుకు రాసిండ్రో చెప్పు."

"పేజీ పగిలిందన్నా. గేటు కాడ జనం నిలవడ్డరు. ఒక్క వరుస తీసేస్తె నిలవడ్డది."

"ఆ వరుసల ఎవరున్నరో చూసినవా?"

"చూడలే."

అరవలేదు. అరిస్తే బాగుండేది. నా వాక్యం తుడిచేసి, పేరు లేనిచోట సన్నటి గీత వచ్చేటట్టు రాశాడు. గీకాడు. అవ్వ వరుస వచ్చింది. పేరు, దాని పక్కన ఒక గీత, ఊరు, దాటిపోయిన తేదీ. బండి తాళాలు తీసుకుని, "నడువు, పోయొద్దాం" అన్నాడు.

దొంతన్‌పల్లి దాటాక, రోడ్డుకు లోపల ఆమె చెలక. సాళ్ళు తీసి ఉన్నాయి. నీళ్ళ పైపులు పరిచి ఉన్నాయి. నారు తప్ప అన్నీ సిద్ధంగా ఉన్నాయి. అవ్వ గట్టు మీద కూర్చుని ఉంది. అన్న చెప్పులు విడిచి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా, నేను సంఘం బోర్డు రాసెటోన్ని. నీ పేరు తప్పిచ్చింది నేనే. తప్పు నాదే."

నేను ఆయన వెనక నిలబడి ఉన్నాను. నేనే అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాను.

"నీ కాయితంల మొగని పేరు కాడ ఏం రాయలే. ఎందుకవ్వా?" అని అడిగాడు.

అవ్వ ఆయనను వింతగా చూసింది. "నా నోటితోని ఎట్ల చెప్త? ఎప్పుడు పోయినా నా కోడలు ఎంబడి వచ్చి చెప్తుండె. కార్డులన్ని దాని సంచిలనే. ఆ దినం అది రాలే. రాసెటాయన అడిగిండు. నేను ఊకున్న. మళ్ళ అడిగిండు. మళ్ళ ఊకున్న. గట్లనే వదిలిండు."

మా నాయనమ్మా అంతే. తాత పేరు ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. ఓటరు లిస్టు రాసుకునేవాళ్ళు వస్తే పక్కింటి వాళ్ళను కేకేసేది. ఇది తెలియని ఇల్లు మా వైపు లేదు. ఆ ఖాళీ ఎవరిదని ఒక్కసారి చూసి ఉంటే, ఎందుకని గుమాస్తాను అడిగి ఉంటే, నాకు తెలిసేది. ఫ్రేమ్‌వర్క్‌కు తెలియకపోవడం వేరు. నాకు తెలియాలి.

"ఇప్పుడు నారు ఏడికెళ్ళి తెస్తవు కొడుకా? అదును పోతున్నది" అంది అవ్వ.

"తెస్త. రెండు దినాలు ఆగు. ఫికర్ చెయ్యకు."

రెండు రోజులకు ట్రేలు అవ్వకు చేరాయి. ఎక్కడివన్నా అని అడిగాను. "ఒకకాడ మిగిలినయి" అన్నాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. పీడ వదిలిందనుకున్నాను.

ఆ తరువాత ఆయన ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. సంఘం వాళ్ళకు కూడా తప్పు తనదేనని చెప్పాడు. వాళ్ళు చాన్నాళ్ళు ఆటపట్టించారు. చేవెళ్లకు ఏ పని మీద పోయినా, "ఏందే పెయింటరూ, కండ్లు మసకలొస్తున్నయా? మళ్ళెవరినన్న తుడిచినవా?" అనేవాళ్ళు. ఆయన నవ్వేవాడు. ఒకసారి నేనూ అక్కడే ఉన్నాను. నా చేతిలో చాయ్ ఉంది. చాయ్ తాగాను. ఈ మాట రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది, రాయకపోతే ఇంకా సిగ్గు.

ఆయన దినాలకు చేవెళ్ల దగ్గర వాళ్ళ ఊరికి పోయాం. ఆయన భార్యను మేం వదినా అంటాం. ఆమె రెండెకరాల చెలక చూసుకుంటుంది. ఆయన కూడా సంఘంలో సభ్యుడే. వదిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆయన దవాఖానలో ఏమన్నాడో చెప్పింది. తినేవేళకు మాటల్లో మాటగా ఇంకోటి చెప్పింది.

"మంచోడే గని మొండి. ఒక యేడు మా వంతుకు వచ్చిన టమాట నారంత పట్కపోయి ఎవలకో ఇచ్చొచ్చిండు. సాళ్ళు తీసిన చెలక, గట్లనే పండవెట్టినం. ఎందుకంటె, బోర్డుల తప్పు రాసిన, నా తప్పుకు ఆ ముసలామె నష్టపోవద్దు అంటడు. నీ తప్పుకు నేనెందుకు నష్టపోవాలె అన్న. మూడు దినాలు మాట్లాడలే నేను."

విస్తరి ముందు నా చెయ్యి అలాగే ఆగిపోయింది. చుట్టూ జనం. చెప్పాల్సింది అక్కడే. చెప్పలేదు. మొదటిసారి ఆయన నా బదులు మాట్లాడాడు. ఈసారి ఆ అడ్డం కూడా లేదు. అయినా లేచి చెయ్యి కడుక్కున్నాను.

పోయిన వారం సంఘం ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ఆయన సభ్యత్వం వదిన పేరు మీదికి మార్చాలి. దరఖాస్తు పేజీ కొత్తది, గుమాస్తా కూడా కొత్తవాడు, ఏదన్నా పగిలితే చూడమని నన్ను రమ్మన్నారు. పోయేసరికి వదిన వరండాలో బల్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. లోపల ఇంకెవరిదో పని నడుస్తోంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఆటోలో వచ్చేటప్పుడు ఎలా మొదలుపెట్టాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. ఒక్కటీ గుర్తురాలేదు.

"వదినా, ఆ తప్పు అన్న రాయలే. నేను రాసిన."

"ఏ తప్పు?"

"టమాట నారు. ఆ అవ్వ పేరు తీసింది నేను. అన్న ఆ దినం ఆఫీసుల లేకుండె. దవాఖానకు పోయిండె. నన్ను ఏమనలే. అందరికి ఆయననే చేసినట్టు చెప్పిండు. నేను ఎంబడే ఉన్న. నోరు తెరవలే."

వదిన నా వైపు చూడలేదు. ఎదురుగా గేటు దగ్గర ట్రేలు ఆటోలోకి ఎక్కిస్తున్నారు. వాటినే చూస్తూ ఉంది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

"మూడు దినాలు" అంది. "అన్నం పెట్టి మొకం తిప్పుకుని పోయిన. ఆయన తిని, తన కంచం తనే కడుక్కుని పోతుండె. నాతోని ఒక్క మాట చెప్పొద్దా? బయటోళ్ళకు చెప్పకు, నాకు చెప్పొద్దా?"

ఆ ప్రశ్న నన్ను అడగలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది. నేను తప్పయింది వదినా అన్నాను. ఆమె సరేననలేదు, కాదనలేదు. ఆ మూడు రోజులు ఇప్పుడు ఆమెకు తిరిగి ఎవరు తెచ్చిస్తారు? నేను ఇంకా ముందే, ఆయన బతికి ఉన్నప్పుడే చెప్పి ఉంటే, ఇద్దరూ కూర్చుని నన్ను తిట్టుకుని నవ్వుకునేవాళ్ళు. అది నేను లేకుండా చేశాను.

లోపలి నుంచి పిలిచారు. గుమాస్తా తెర ముందు కూర్చుని ఒక్కొక్కటే అడుగుతున్నాడు. ఆమె పేరు చెప్పింది. ఊరు చెప్పింది. ఎన్ని ఎకరాలో చెప్పింది.

"భర్త పేరు?"

వదిన మాట్లాడలేదు.

"అమ్మా, భర్త పేరు చెప్పండి."

ఆమె ఒళ్ళో సంచి ఉంది. అందులో ఆయన కార్డు ఉంది, బయట నేను చూశాను. తీసిస్తే సరిపోయేది. తీయలేదు. ఇందాకటి నుంచి నా వైపు చూడని మనిషి తలతిప్పి నా కళ్ళలోకి చూసింది. చెప్పు అన్నట్టు చూసింది.

అన్నేళ్ళు ఒకే గదిలో పనిచేశాం. నేనూ ఆయనను పేరు పెట్టి పిలిచింది లేదు. అన్నా అంటే పలికేవాడు. ఆయన గురించి ఇన్ని పేజీలు రాశానా, ఇందులోనూ ఆ పేరు రాయలేకపోయాను. ఆరోజు మాత్రం చెప్పాను. మొదటిసారి నాకే వినబడనంత మెల్లగా. గుమాస్తా "ఏందమ్మా?" అన్నాడు. రెండోసారి గట్టిగా, విడివిడిగా చెప్పాను. గుమాస్తా టైపు కొట్టాడు. పేజీ పగల్లేదు. వదిన పేరు పక్కన, ఒకప్పుడు అన్న గీత పెట్టిన చోట, ఆయన పేరు వచ్చింది.

నేను కుర్చీలోంచి లేచాను. ఒకటి, రెండు, మూడు. వీపుకు ఇనుప బీరువా తగిలింది. ఒక కన్ను మూయబోయాను గాని రెండూ నిండి ఉన్నాయి, తుడుచుకున్నాకే కనబడింది. ఆయన పేరులో ఒక వత్తు ఉంది. అది కిందిదాకా దిగి, ఎక్కడా తెగకుండా ఉంది.

వదిన నాలాగే వెనక్కి నడిచి నా పక్కకు వచ్చి నిలబడింది. ఆమెకు చదువు రాదు.

"సక్కగ వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చింది వదినా. మొత్తం కనవడ్తున్నది."